నూనెమ్మ తొలితేట

మా పెద్దమ్మ గురించి ఈ మధ్య గట్టు మీద రకరకాలుగా అనుకుంటున్నారు. "తన చేతులతో తనే పెట్టిందటగా" అని ఒకరు, "పాపం, దానికేం తెలుసు" అని మరొకరు. మొదటి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండో మాట వింటే ఇంకా మండుతుంది. ఆవిడ మా అమ్మకి అక్క. మా అమ్మ పోయాక నాకు జడ వేసింది, తిట్టింది, వీపు మీద నాలుగు వేసింది, చదివించింది ఆవిడే. అందుకని ఆవిడ సంగతి వాళ్ళూ వీళ్ళూ చెప్పడం కాదు, నేను చెప్తాను.

ఆవిడ అసలు పేరు ఆస్పత్రి కాగితాల మీద ఉంటుంది, అంతే. అందరికీ నూనెమ్మ. మా ఏట్లో దొరికే నల్లవీపు చేప కొవ్వు కరిగించి నూనె తీస్తుంది. వాళ్ళమ్మ అదే పని చేసింది, వాళ్ళ అమ్మమ్మా అదే చేసింది. ఈ ఏటిగట్టు మీద అందరికంటే ముందు ఉన్నది మా జనమే. తర్వాత వచ్చినవాళ్ళు పొలాలు తీసుకున్నారు, రోడ్డు పక్క జాగా తీసుకున్నారు, పైగట్టు తీసుకుని అక్కడ ఫ్యాక్టరీ కట్టారు. మాకు ఏరు మిగిలింది. పోనీలే, ఏరుంటే చాలు అనుకున్నారు మా పెద్దవాళ్ళు.

ఇంటి వెనక రేకుల పాక, అందులో పొయ్యి, పొయ్యి మీద మనిషి కూర్చుంటే పట్టేంత ఇనప బాణలి. అదే పెద్దమ్మ రాజ్యం. చేపలు తెచ్చినవాళ్ళు బుట్ట దించగానే ఒక్కొక్కదాన్నీ ఎత్తి, పొట్ట కింద బొటనవేలితో నొక్కి చూసేది. చిన్నవి పక్కకి. "ఇవింకా పసివి, వీటి ఒంట్లో ఏముందిరా నా మొహం" అనేది. ఆవిడకి కావలసింది ముసలి చేపలు. పదేళ్ళో పన్నెండేళ్ళో ఏటి అడుగున బురదలో మేసి, వీపు బాగా నల్లబడి, పొట్ట కింద కొవ్వు పేరుకున్నవి. బుట్టలో అలాంటిదొకటి కనపడితే ఆవిడ మొహం వెలిగిపోయేది. గట్టు మొత్తం మీద ఆ నొక్కు ఇంకెవరికీ పట్టుబడలేదు. నేనూ నేర్చుకోబోయాను. "నీ వేలు సూది పట్టుకోవడానికే పనికొస్తుంది, పో" అని తరిమింది.

ఆ కొవ్వూ కార్జమూ ముక్కలు చేసి, కాసిని నీళ్ళు పోసి, సన్నసెగ మీద పెట్టాలి. మంట కాస్త ఎక్కువైతే నూనె చేదెక్కుతుంది. రెండు మూడు గంటలు కదలకుండా కూర్చుంటే పైకి పల్చగా, తేనె రంగులో తేలుతుంది. అది తొలితేట. దాన్ని గరిటెతో ఎత్తి, మెత్తటి పాతగుడ్డలో వడకట్టి సీసాలకి పోస్తుంది. రెండోసారి తేలింది పడవ చెక్కలకి. అడుగున మిగిలిన మడ్డి తోళ్ళు బాగుచేసేవాళ్ళు పట్టుకుపోతారు. తొలితేట మాత్రం అమ్మదు. కడుపుతో ఉన్నవాళ్ళకి, బాలింతలకి, జ్వరం పడి లేచినవాళ్ళకి, పళ్ళొస్తున్న పిల్లలకి ఇంటింటికీ తిరిగి తనే ఇచ్చేది. ఒకసారి టౌన్ నుంచి ఒక షాపాయన వచ్చి ఎంతైనా ఇస్తాను అమ్మమని బతిమాలాడు. "మంచిది అమ్ముకుని చెత్త పిల్లలకి పెట్టే జాతి కాదయ్యా మాది" అని పంపేసింది. ఆ మాట మేం చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాం.

ఇక నా సంగతి. నేను క్లినిక్‌లో వేళ్ళు గుచ్చి షుగరు చూసే పని చేస్తాను. అందుకే పెద్దమ్మ నన్ను "సూదీ" అంటుంది. రోజూ పొద్దున్నే మొదట గుచ్చుకునేది నా వేలే. నాకూ ముప్పై రెండో ఏట వచ్చింది. మా గట్టు మీద నలభై దాటినవాళ్ళలో ఇద్దరికి ఒకరు షుగరు మనుషులు. రోడ్డు అవతల ఊళ్ళో పదిమందికి ఒకరు. ఎందుకిలా అని అడిగితే, పైనుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు నవ్వుతూ, "మీవాళ్ళకి ఒళ్ళు వంగదు, నోరు ఆగదు" అన్నాడు. ఒళ్ళు వంగదట! పొద్దుపొడిచింది మొదలు తెడ్డు వేసే జనానికి! పెద్దనాన్న ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు ఇనప పెట్టెలు కడిగాడు, ఆ తర్వాత పడవ నడిపాడు. సన్నగా వెదురుబొంగులా ఉండేవాడు. ఆయనకీ వచ్చింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆ తర్వాత ఆయనే పోయాడు. వాళ్ళ కొడుకు, మా అన్నయ్య, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాడికి ఇరవై తొమ్మిదికే వచ్చి ఇప్పుడు కళ్ళు మసకబారాయి. బోల్టుల సైజు వేలితో తడిమి చెప్తాడు.

ఇదంతా చూసి నాకు పట్టుదల పుట్టింది. రోడ్డు వచ్చాక మావాళ్ళు తెల్ల రొట్టెలకీ, డబ్బా తిండికీ, రంగునీళ్ళకీ అలవాటుపడ్డ మాట నిజం. అవి మాన్పిస్తే చాలనుకున్నాను. కాగితాలు అచ్చువేయించి గోడగోడకీ అంటించాను. "షాపు తిండి మానండి. మన ఏటి చేప తినండి. మన నూనె వాడండి." కింద సీసా పట్టుకున్న పెద్దమ్మ ఫోటో. ఆవిడ ఆ కాగితం ముందు నిలబడి, "మొహం కొంచెం లావుగా పడిందే" అంది గానీ, లోపల ఎంత మురిసిందో నాకు తెలుసు. నా పిచ్చిగానీ, జనం నా మాట విన్నారు. ఆ ఏడు పెద్దమ్మ బాణలి ఎప్పుడూ దిగింది లేదు.

ఇప్పుడు చెల్లి గురించి చెప్పాలి. పెద్దమ్మ కూతురు. పెళ్ళై టౌన్లో బట్టల మిల్లులో పనిచేసేది. మొదటి కాన్పు ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. నెలలకి మించిన బరువుంది. షుగరు ఉందని అప్పుడే బయటపడింది. పెద్దమ్మ వెళ్ళి ఆ బిడ్డని చేతుల్లోకి తీసుకుని చూసి, తిరిగొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్కటే అంది. "అక్కడ అది నూనె తాగలేదే. సీసా పంపితే వాసనొస్తోందని దాచేసిందట." రెండోసారి కడుపు నిలవగానే చెల్లిని ఇంటికి తెచ్చేసుకుంది. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, ముసలి చేప తొలితేట. ఈ బిడ్డ దక్కాలి. పెద్దమ్మకి ఆ రోజుల్లో ఇంకో ఆలోచన లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

చెల్లికి ఏడో నెల వచ్చింది. షుగరు దిగడంలేదు. అప్పుడొచ్చాడు రక్తం సారు.

ఆయన యూనివర్సిటీ మనిషి. అంతకు ముందు ఏడు వచ్చి అరవైమంది దగ్గర రక్తం తీసుకున్నాడు. చేపలు, బురద, పెద్దమ్మ సీసా ఒకటి పట్టుకెళ్ళాడు. మావాళ్ళు నవ్వారు, ఎద్దు పుండు కాకికి ముద్దా, ఈయన రాత ఈయన రాసుకుంటాడు, మన బాధ మనది అని. అలాంటి మనిషి కాగితాల కట్టతో తిరిగొచ్చి, క్లినిక్ తలుపు దగ్గరకేసి, నన్ను కూర్చోమన్నాడు.

"పైన ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాళ్ళు కదా," అన్నాడు. "వాటిలో ఒకరకం నూనె పోసేవాళ్ళు. అది మూతపడి ముప్పై ఏళ్ళయింది, కానీ ఆ నూనె ఇంకా ఏటి బురదలోనే ఉంది. కుళ్ళదు, చావదు. నీళ్ళలో కరగదు, కొవ్వులో చేరుతుంది. బురదలో పురుగు తింటుంది, పురుగుని చిన్నచేప తింటుంది, చిన్నదాన్ని పెద్దది. చేప ఎంత ముసలిదైతే అంత ఎక్కువ, ఎంత కొవ్వు పడితే అంత ఎక్కువ."

చేప పొట్ట కింద పెద్దమ్మ బొటనవేలు నాకు కళ్ళకి కట్టింది.

"దానికీ షుగరుకీ ఏంటి సార్?"

"సంబంధం కనపడుతోంది. ఎవరి రక్తంలో అది ఎక్కువుందో వాళ్ళలో షుగరు ఎక్కువగా ఉంది. వేరేచోట్ల, మీలాంటి జనాల్లో కూడా ఇలాగే కనపడింది. అయితే ఇదొక్కటే కారణమని చెప్పలేం. తిండి ఉంది, వంశం ఉంది, ఇంకా..."

"పాదాలు తీసేస్తున్నారు సార్ ఇక్కడ. సంబంధం అంటారేంటి!" అని అరిచాను. పాపం, ఆయన ఏం చేస్తాడు? తలొంచుకున్నాడు. వచ్చే నెల మీటింగు పెట్టి అందరికీ చెబుదామన్నాడు. వచ్చే నెలకి చెల్లి ఇంకో అరవై చెంచాలు తాగుతుంది.

నేరుగా పాకలోకి వెళ్ళాను. పెద్దమ్మ బాణలి ముందుంది. చెల్లి పక్కన బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, కాళ్ళకి నీరు దిగింది.

"ఏమే సూదీ, ఈవేళ ఎంతమంది రక్తం పీల్చావు?" అంది పెద్దమ్మ.

చావుకబురు చల్లగా చెప్పడం నాకు చేతకాదు. "పెద్దమ్మా, చెల్లికి ఆ నూనె ఆపెయ్," అన్నాను. "అందులో విషం ఉంది. ఫ్యాక్టరీ విషం. మన సీసా పరీక్ష చేశారు."

గరిటె ఆగింది. "మరి గోడల మీద నువ్వు అంటించిన కాగితం మాటేంటి?"

"తప్పు చెప్పాను."

"ఓహో! పోయినేడు అమృతం, ఈయేడు విషం. నీది నాలుకా తాటిమట్టా?"

"నన్ను ఎన్నైనా తిట్టు. దానికి మాత్రం పొయ్యకు."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని నా ముందుకు చాపింది. "నాకు అరవై ఆరేళ్ళు. పుట్టినప్పట్నుంచీ తాగుతున్నా. ఈ గట్టు మీద నా అంత తాగినవాళ్ళు లేరు. గుచ్చు."

గుచ్చాను. తొంభై నాలుగు. అంటే శుభ్రంగా ఉన్నట్టే.

"చూశావా," అని సీసా తీసి, చెంచాలో పోసి చెల్లి నోటి దగ్గర పెట్టింది. చెల్లి నావైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. "పోయినసారి నేను తాగలేదక్కా. ఏమైందో చూశావుగా," అని తాగేసింది.

నాకు ఆ చెంచా విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పది గంటలకి పెద్దమ్మ తనే క్లినిక్‌కి వచ్చింది. నావైపు చూడనుకూడా లేదు. రక్తం సారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సారూ, ఈ పిల్లకి నోరెక్కువ. అది చెప్పింది నేను నమ్మలేదు. అలాగని నిద్రా పట్టలేదు. నాకు ఒక్కటి చెప్పండి. అందరికంటే ఎక్కువ తాగింది నేను. నాకెందుకు రాలేదు?"

ఆయన కాగితాలు తిరగేశాడు. ఆవిడది, అన్నయ్యది పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "మీ ఒంట్లోనూ ఉందమ్మా. కానీ మీరు తాగినదానికి ఉండాల్సినంత లేదు. మీ అబ్బాయికి మీకన్నా మూడు రెట్లుంది. మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

"పాలు ఎన్నాళ్ళిచ్చారు?"

పెద్దమ్మ నిటారుగా కూర్చుంది. "పెద్దాడికి మూడేళ్ళు దాటేదాకా ఇచ్చాను. అందరూ నవ్వినా మాన్పించలేదు. పిల్లకి రెండేళ్ళు. మధ్యలో, ఇదిగో, ఈ సూదికి ఆరు నెలలు. వాళ్ళమ్మకి పాలు పడకపోతే నేనే ఇచ్చాను."

సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకి చెప్పాలని లేదు. ఆవిడ కదిలేలా లేదు.

"ఇది కొవ్వులో ఉంటుందన్నాను కదమ్మా. పాలల్లో కొవ్వుంటుంది. ఒంట్లో పేరుకున్నది బయటికి పోవడానికి ఉన్న పెద్ద దారి అదే. మొదటి బిడ్డకి ఎక్కువగా పోతుంది. మీకు షుగరు రాకపోవడానికి అదే కారణమని నేను ఖాయంగా అనలేను. ఒంట్లో తగ్గింది మాత్రం అలాగే. మీరు తెలిసి చేసింది కాదు."

పెద్దమ్మ ఆ రెండు కాగితాలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి చదువు రాదు. అంకెలు పోల్చుకుంటుంది.

"అంటే, నా ఒంట్లోది వాడికి పోసి, నేను బాగున్నానన్నమాట."

ఆవిడ లేచి, తలుపు కనపడనట్టు గోడ తడుముకుంటూ వెళ్ళింది. నాకూ పోసిందన్న సంగతి ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. తట్టినా ఆవిడ మీద రవ్వంత కోపం రాలేదు. కోపమంతా పైగట్టు మీద తుప్పుపట్టిన ఆ గేటు మీద. ఆ గేటు వెనక తిట్టడానికి కూడా ఒక్క మనిషి లేడు.

ఆ రోజు నుంచి చెల్లికి నూనె లేదు. పాకలో నలభై సీసాలున్నాయి. ఏట్లో పారబోస్తే మళ్ళీ చేపకే, నేల మీద పోస్తే వానకి మళ్ళీ ఏటికే. చివరికి రక్తం సారు డ్రమ్ములు తెప్పించి మూతలు బిగించి పట్టుకెళ్ళాడు. తొలితేట డ్రమ్ములో పడుతుంటే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత బాణలి గోడకి బోర్లించి, ఇంటింటికీ వెళ్ళింది. ఏ ఇంట్లో ఏ బిడ్డకి ఎన్ని సీసాలిచ్చిందో ఆవిడకి గుర్తే. "ఇంక తాగించకండి. నాదే తప్పు" అని ప్రతి గుమ్మంలో చెప్పింది. వద్దు పెద్దమ్మా, నీ తప్పెలా అవుతుంది అని నేను వెనకాల మొత్తుకుంటూ తిరిగాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకునే మనిషి కాదావిడ. కొందరు ఆవిడని పట్టుకుని ఏడ్చారు. ఒకావిడ తలుపేసుకుంది. అధికారులు ఏటి ఒడ్డున "చేపలు తినరాదు" అని బోర్డు పాతి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. మరేం తినాలో బోర్డు మీద లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు. షాపులో తెల్ల రొట్టెలు మళ్ళీ జోరుగా పోతున్నాయి. జనాన్ని ఆపడానికి నాకిప్పుడు మొహం లేదు.

చెల్లికి తొమ్మిదో నెల మొదట్లో ఆపరేషను చేసి బిడ్డని తీశారు. మగపిల్లాడు. బొద్దుగా ఉన్నాడు, ఏడవడానికి మాత్రం ఓపిక లేదు. ఒంట్లో షుగరు పడిపోయి నాలుగు రోజులు గాజుపెట్టెలో ఉన్నాడు. దక్కాడు. అయిదో రోజు వాణ్ణి చెల్లి ఒళ్ళో పెడితే, అది పాలివ్వకుండా వాళ్ళమ్మకేసి చూసింది.

"ఇవ్వొచ్చా?" అంది.

పెద్దమ్మ నాకేసి చూసింది. నేను డాక్టరమ్మని పిలుచుకొచ్చాను, రక్తం సారుకి ఫోను చేశాను. ఇద్దరూ ఒకే మాట. ఇవ్వాలి, పాల వల్ల బిడ్డకి జరిగే మేలే ఎక్కువ, డబ్బాపాలు పట్టినంత మాత్రాన కడుపులో ఉండగా చేరింది పోదు. చెల్లి ఏడుస్తూనే ఇచ్చింది. వాడు ఆవురావురుమని తాగాడు. పెద్దమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అంతే, ఇంటికొచ్చాకా అంతే. వాడికి ఆకలేసి ఏడుపు మొదలెడితే చాలు, ఆవిడ ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోతుంది. మిగతా వేళల్లో వాణ్ణి ఒంటిమీంచి దించదు.

పోయిన వారం మధ్యాహ్నం వెళ్ళాను. చెల్లి, బిడ్డ నిద్రపోతున్నారు. వెనక పాకలో పొగ కనిపించింది. తొంగిచూస్తే పెద్దమ్మ ఒక్కతే పీట మీద కూర్చుని, నిప్పుల మీద కాల్చిన నల్లవీపు చేప తింటోంది. ముసలి చేప. పొట్టముక్క.

నాకు తల తిరిగిపోయింది. "నీకేమైనా మతిపోయిందా పెద్దమ్మా! ఊరందర్నీ మాన్పించి నువ్వు తింటావా!"

"మెల్లిగా అరవ్వే, పిల్లాడు లేస్తాడు," అంది.

"అసలెందుకు తింటున్నావు?"

ఆవిడ ముల్లు తీసి పక్కన పెట్టి, వేళ్ళు నాక్కుని, నాకేసి చూడకుండా చెప్పింది.

"ఇంకెందుకు మానాలే? నా ఒంట్లోంచి ఇంక ఎవరికీ పోదుగా."